తడవని బూటు, దిగని ముల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వానలు మొదలయ్యాయో లేదో బూట్ల మీద ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. అన్నీ వేయలేం కాబట్టి పది మందికి పనికొచ్చేవి ఏరి వేస్తున్నాం.

ప్రశ్న: సార్, మాది అచ్చంపేట దగ్గర పల్లె, చేను అడవి అంచునే ఉంటుంది. అమెరికాలో ఉండే మా బావ వచ్చే నెల వస్తున్నాడు. "నీకు అసలైన వేట బూట్లు తెస్తా, చుక్క నీరు దిగదు, ఇరవై ఏళ్లు తిరుగుండదు" అంటున్నాడు. ఫోటో పంపాడు. మోకాలి కింది దాకా ఉన్నాయి, పైన ఆకుల డిజైను, పక్కన 800 గ్రాములు అని రాసి ఉంది. 800 గ్రాములే అంటే తేలికే కదా? మన డబ్బుల్లో ఇరవై వేలు దాటుతోంది. రాత్రిళ్లు పందుల కావలికి, అప్పుడప్పుడు వేటకి పనికొస్తాయా? తెప్పించుకోమంటారా?

జవాబు: వద్దు, తెప్పించుకోకండి. ఎందుకో చెప్పేముందు ఆ 'అప్పుడప్పుడు వేట' అన్న ముక్క సంగతి తేల్చేద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేట సరదాకైనా నేరమే, కూరకైనా నేరమే. దుప్పి, నెమలి దాకా ఎందుకు, కుందేలుకు ఉచ్చు పెట్టినా కేసే. పైగా మీరుండేది అమ్రాబాద్ పులుల అభయారణ్యం పక్కన. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల అడవి అది, పులుల లెక్క కోసం చెట్లకు కెమెరాలు కట్టి ఉంచుతారు, వాటిలో పడేది పులులొక్కటే కాదు. పందులు చేను తినేస్తున్నాయంటే ఫారెస్టు వాళ్లకు రాసివ్వండి, చంపాల్సి వస్తే అనుమతి ఉన్న షూటర్లే చంపాలి. కరెంటు తీగ జోలికి మాత్రం పోవద్దు, దానికి పంది కంటే ముందు పక్క చేను మనిషి తగులుకోవచ్చు, మీ బర్రె తగులుకోవచ్చు. ఇక కావలికి గట్టి బూట్లు కావాలన్నారే, అది న్యాయమైన కోరిక. దాని గురించి మాట్లాడుకుందాం.

ఆ 800 గ్రాములు బూటు బరువు కాదు. లోపల వేసిన వెచ్చదనపు పొర ఎంత మందమో చెప్పే లెక్క, ఒక చదరపు మీటరు పొర 800 గ్రాములు తూగుతుందని అర్థం. మంచు పడే చోట, గడ్డకట్టే చలిలో, జంతువు కోసం గంటల తరబడి కదలకుండా కూర్చునే వాళ్ల కోసం చేసిన బూట్లవి. వాటిని వేసుకుని మీరు వానాకాలం రాత్రి మొక్కజొన్న చేను చుట్టూ ఒక్క చుట్టు తిరిగితే సాక్సు పిండుకోవాల్సి వస్తుంది, అదీ బయటి నీళ్లు ఒక్క చుక్క లోపలికి రాకుండానే.

మీకే కాదు, బూట్లు కొనే అందరికీ నేను చెప్పేది ఇదే. కాలు రెండు రకాలుగా తడుస్తుంది, బయటి నీళ్లతో ఒకటి, లోపలి చెమటతో ఒకటి. అమ్మేవాళ్లందరూ బయటి నీళ్ల గురించే చెబుతారు. మన పాలమూరు, నల్గొండ నేలల్లో మోకాలి లోతు తడి ఉండేది ఏడాదిలో కొన్ని నెలలు, అదీ వరి మళ్లలో, కాలువల పక్కన. చెమట మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. చెల్కల్లో, అడవి అంచున దానికి తోడు ముళ్లు. సర్కారు తుమ్మ ముల్లు బైకు టైరులోకే దిగుతుంది, మెత్తటి సోలు దానికో లెక్కా!

ఖరీదైన బూట్లలో గోర్‌టెక్స్ లాంటి పల్చటి పొర ఉంటుంది. దాని రంధ్రాలు ఎంత చిన్నవంటే నీటి చుక్క పట్టదు, చెమట ఆవిరి మాత్రం పోతుంది. మాట నిజమే. కానీ ఆవిరి బయటికి పోవాలంటే లోపలి కంటే బయట చల్లగా, పొడిగా ఉండాలి. బయట కూడా ఉక్కపోతగా ఉంటే ఆ పొర చేయగలిగింది చాలా తక్కువ. ఇంకో తిరకాసు కూడా ఉంది. వాగు దాటేటప్పుడు బూటు పైఅంచు మీదుగా ఒక్కసారి నీళ్లు పోయాయా, బయటికి రావు. బయటి నీళ్లను ఆపిన పొరే ఇప్పుడు లోపలి నీళ్లను పట్టి ఉంచుతుంది, ఆరడానికి రెండు రోజులు పడుతుంది.

ఇంత చెప్పినా తోలు వాటర్‌ప్రూఫ్ బూట్లే కావాలనుకుంటే షాపులో ఒక పని చేయండి. లేసులు పూర్తిగా వదులు చేసి బూటు నాలుక ముందుకు లాగండి, దాని రెండు పక్కలా వేలు పెట్టి కింది నుంచి పైకి తడుముతూ రండి. నాలుకను బూటుకు కలుపుతూ మడత గుడ్డ కుట్టి ఉంటుంది. ఆ కుట్టు ఎక్కడ ఆగితే బూటు నీళ్లను ఆపేది అక్కడి దాకే, పైన ఎంత ఎత్తు ఉన్నా లాభం లేదు. కొన్నింటిలో ఆ కుట్టు లేసుల సగంలోనే ఆగిపోతుంది. అట్ట మీద మాత్రం పెద్ద అక్షరాలతో వాటర్‌ప్రూఫ్ అనే ఉంటుంది. 'వాటర్ రెసిస్టెంట్' అని ఉంటే నాలుగు తుంపర్లకు తట్టుకుంటుందని అర్థం, మంచు పట్టిన గడ్డిలో తెల్లవారుజామున నడిస్తే గంటలో తడిసిపోతుంది.

నన్నడిగితే ఆ ఇరవై వేలలో పదో వంతు పైచిలుకుతో రెండు జతలు ఇక్కడే కొనండి. బురదకి, పురుగుమందు కొట్టడానికి, తడి గట్ల మీద తిరగడానికి ఒక జత గమ్ బూట్లు. చెల్కలో, ముళ్లలో, రాళ్లలో తిరగడానికి సోలు లోపల ఉక్కు రేకు ఉన్న సేఫ్టీ షూ ఒక జత, చీలమండ దాటి పైకి వచ్చేది. సేఫ్టీ షూ మీద ఐఎస్ 15298 అని ఐఎస్ఐ ముద్ర ఉందో చూడండి, దానితో పాటు 'ఎస్ 3' అని ఉంటే ఇంకా మంచిది. ఎస్ 3 అంటే పైతోలు నీళ్లను కొంతసేపు ఆపుతుంది, సోలుకు జారకుండా పట్టే గాడులు ఉంటాయి, కింది నుంచి మేకు దిగదు. మేకుతో 1,100 న్యూటన్ల బలం, అంటే దాదాపు 110 కిలోల బరువు మోపి పరీక్షిస్తారు. ఉక్కు రేకు బదులు గట్టి నేత పొర వేసినవీ ఉన్నాయి, తేలిగ్గా ఉంటాయి, కానీ మేకును ఆపే ఆ నేతలో సన్నటి ముల్లు పోగుల మధ్య నుంచి దూరవచ్చు. మన తుమ్మ ముళ్లకి రేకే నయం. ముందు వేళ్ల మీద ఉక్కు టోపీ ఉంటుంది కాబట్టి అర సైజు పెద్దది తీసుకోండి, లేకపోతే దిగుడులో వేళ్లు నలుగుతాయి.

బావను ఉత్త చేతులతో రమ్మనడం బాగోదంటే ఊలు సాక్సులు నాలుగు జతలు తెమ్మనండి. నూలు సాక్సు తడిస్తే తడిసినట్టే ఉండి చర్మాన్ని నానబెడుతుంది, ఊలు అలా కాదు. అదీ కుదరకపోతే ఎన్‌సీసీ పిల్లలు వేసుకునే ఊలు సాక్సులు మన ఊళ్లలోనే దొరుకుతాయి.

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ దగ్గర. నేను నాట్లకి కూలికి పోతా. వేళ్ల సందులు పాసిపోయి మంటగా ఉంటున్నాయి. గమ్ బూట్లు వేసుకుని నాటెయ్యొచ్చా? ఎవరూ వేసుకోవడం చూడలేదు.

జవాబు: చూడకపోవడానికి కారణం ఉందమ్మా. దమ్ము చేసిన మడిలో గమ్ బూటు దిగితే బురద పట్టేస్తుంది, కాలు పైకొస్తుంది, బూటు అక్కడే ఉంటుంది. నాట్లకి అవి పనికిరావు. కాలికి అంటుకుని ఉండే పల్చటి రబ్బరు మేజోళ్ల లాంటివి కొన్ని దొరుకుతున్నాయి, పిక్క దగ్గర బిగించుకునేవి. దొరికితే అవి చూడండి.

దొరక్కపోతే బయటికి వచ్చాక చేసేదే ముఖ్యం. బువ్వ వేళకి గట్టెక్కగానే మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు గుడ్డతో అద్ది, కాసేపు ఎండ తగలనివ్వండి. పనికి దిగేముందు కొబ్బరినూనె కాదు, వాజిలైన్ లాంటి మందంగా ఉండేది సందుల్లో దట్టించండి. పగుళ్లు, పుండ్లు ఉంటే మాత్రం మడిలో దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు పుండులోంచి ఒంట్లోకి పోతే ఎలుక జ్వరం వస్తుంది. నాట్ల తర్వాత జ్వరంతో పాటు పిక్కలు బాగా నొప్పి పెట్టినా, కళ్లు ఎర్రబడినా మడిలో పని చేశానని డాక్టరుకు చెప్పండి, చెబితేనే ఆ అనుమానం వస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా పురుగుమందు కొట్టేవాళ్లుంటే గమ్ బూట్లు వాళ్లకి కొనివ్వండి. ప్యాంటు బూటు లోపలికి దోపొద్దు, బయటికి వదలాలి. లోపలికి దోపితే ప్యాంటు మీద పడిన మందు నేరుగా బూటులోకి కారి రోజంతా కాలు అందులోనే నానుతుంది. మందు కొట్టడానికి తోలు బూట్లు అసలు వద్దు, తోలు మందును పీల్చుకుంటుంది, ఎంత కడిగినా పోదు.

ప్రశ్న: నల్గొండ టౌనులో మంచి ట్రెక్కింగ్ బూట్లు కొన్నా, వాటర్‌ప్రూఫ్. పెద్దగా వాడలేదు, అలమారలో భద్రంగా పెట్టా. నాలుగేళ్ల తర్వాత మొన్న వేసుకుని పది నిమిషాలు నడిచేసరికి సోలు ముక్కలు ముక్కలుగా ఊడిపోయింది. వాడని బూటు ఎలా పాడవుతుంది సార్? షాపువాడు పాత సరుకు అంటగట్టాడు కదా?

జవాబు: షాపువాడి తప్పు ఉండొచ్చు, లేకపోవచ్చు, కానీ అసలు దొంగ మీ అలమారలోని గాలే. మెత్తగా ఉండే సోళ్లు చాలావరకు పాలీయూరితేన్ అనే పదార్థంతో చేస్తారు, పీయూ అంటారు. గాల్లో ఉండే తేమతో అది మెల్లగా విడిపోతుంది, వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా. రోజూ వేసుకుంటే అడుగు పడినప్పుడల్లా సోలు నొక్కుకుని చేరిన తేమ కొంత బయటికి పోతుంది, పెట్టెలో ఉంచితే అదీ లేదు. అందుకే దాచుకున్నవే ముందు పోతాయి, పెళ్లి బూట్లు మండపంలో ఊడటానికి కారణం కూడా ఇదే. ప్లాస్టిక్ కవరులో మూటగట్టి అటక మీద పెట్టడం అన్నిటికన్నా చేటు.

కొనేటప్పుడు తయారైన నెల, సంవత్సరం చూడండి, నాలుక లోపల గానీ సోలు మీద గానీ ఉంటుంది. రెండు మూడేళ్ల పాతవైతే ఎంత డిస్కౌంటు ఇచ్చినా వదిలేయండి. ఎప్పుడో ఒకసారి వేసుకునే వాళ్లకి రబ్బరు సోలు ఉన్నవే మేలు. బరువుంటాయి, కానీ ఇలా పొడి అయిపోవు. మీ బూట్ల పైభాగం బాగుంటే పారేయకండి, కుట్టి వేసిన సోలైతే కొత్తది వేయించొచ్చు. అచ్చులో పోసి అతికించిన సోలైతే మాత్రం పట్నంలో మంచి పనివాడు దొరకాలి.

ప్రశ్న: మా నాయన కిర్రు చెప్పులకు ఆముదం రాసేవాడు. ఏళ్లకేళ్లు ఉండేవి. నా తోలు బూట్లకు కూడా ఆముదం రాస్తే నీళ్లు దిగవా? మా కల్వకుర్తి వైపు ఆముదానికి కొదవ లేదు.

జవాబు: మీ నాయన చేసింది ముమ్మాటికీ సరైనదే, ఆ చెప్పులకు. తంగేడు చెక్కతో పదును చేసిన మందపాటి తోలు అది, ఎండకు బిర్రబిగుసుకుపోతుంది, ఆముదం దాన్ని మెత్తబరుస్తుంది, పగలనివ్వదు. బూట్ల సంగతి వేరు. నున్నటి తోలు బూటైతే నెలకోసారి చాలా పల్చగా, గుడ్డకు అద్ది రాయండి, నష్టం లేదు, రంగు కాస్త ముదురుతుంది. ఎక్కువ రాస్తే తోలు మెత్తబడి చీలమండ దగ్గర వదులైపోతుంది, దుమ్మంతా అంటుకుంటుంది. లోపల గోర్‌టెక్స్ రకం పొర ఉన్న బూట్లకి మాత్రం నూనె పెట్టకండి, ఆవిరి పోయే దారులు మూసుకుపోతాయి.

నీళ్లు ఆపాలంటే నూనె చాలదు, మైనం కావాలి. తోలు మధ్యలోంచి నీళ్లు దిగేది తక్కువ, కుట్లలోంచి, తోలు సోలును కలిసే సందులోంచి దిగేది ఎక్కువ. తేనెమైనం ఉన్న బూటు వ్యాక్సు తీసుకుని ఆ కుట్ల వెంబడి వేలితో నొక్కి నింపండి. తడిసిన బూట్లను పొయ్యి పక్కన, మిట్ట మధ్యాహ్నం ఎండలో ఆరబెట్టే అలవాటు ఉంటే మానండి, తోలు పగులుతుంది, జిగురు వదులుతుంది. లోపల పాత పేపర్లు కుక్కి నీడలో పెట్టి, పేపరు తడిసినప్పుడల్లా మార్చండి.

ప్రశ్న: దేవరకొండ నుంచి. గమ్ బూట్లు వేసుకుంటే పాము కాటు పడదంటారు, నిజమేనా?

జవాబు: చాలావరకు నిజం. చేలల్లో పాము కాట్లు ఎక్కువగా పాదం మీద, చీలమండ దగ్గర, పిక్క కింద పడతాయి, మోకాలి దాకా ఉన్న బూటు ఆ చోటంతా కప్పుతుంది. పూర్తి భరోసా అని మాత్రం చెప్పలేను. రక్తపింజర కోరలు పొడుగు, పల్చటి నాసిరకం బూటయితే దిగవచ్చు, అందుకే పిక్క దగ్గర చేత్తో నొక్కి చూసి మందంగా ఉన్నవే తీసుకోండి. వదులుగా ఉండటం కూడా మంచిదే, బూటుకూ కాలికీ మధ్య ఖాళీ ఉంటుంది. రక్తపింజర ముందు ప్రెషర్ కుక్కరులా గట్టిగా బుసకొడుతుంది, కాబట్టి చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గట్ల మీద నడవొద్దు, టార్చిలైటు అడుగు ముందు వేయండి, దూరంగా కాదు.

కట్లపాముకి బూట్లతో పనిలేదు, అది రాత్రి నేల మీద పడుకున్న వాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కావలికి పోయినప్పుడు మంచె మీదో మంచం మీదో పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. పొద్దున బూట్లు వేసుకునేముందు తలకిందులుగా పట్టుకుని మడమను నేలకేసి రెండు సార్లు కొట్టండి, తేలు గానీ పాము పిల్ల గానీ ఉంటే రాలుతుంది. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ వద్దు. కాలు కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేసి గవర్నమెంటు దవాఖానాకు పోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకటే ఇంజెక్షను, కాబట్టి ఏ పామో చూడాలని దాని వెంట పడొద్దు.

ప్రశ్న: జడ్చర్ల నుంచి డిగ్రీ స్టూడెంట్‌ని. ఫ్రెండ్స్‌తో నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరకి పోదామనుకుంటున్నాం. వాటర్‌ప్రూఫ్ బూట్లు కొనాలా?

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. ఆ జాతర చైత్ర పౌర్ణమికి, అంటే మంచి ఎండాకాలం. లోయలోకి దిగే దారంతా రాళ్లు, గుండం దగ్గర తప్ప తడి ఉండదు. సోలు గాడులు అరగని మామూలు స్పోర్ట్స్ షూ చాలు. కొత్తవి కొంటే రెండు వారాల ముందే కొని కాలేజీకి వేసుకుని తిరుగు, లేకపోతే మడమ బొబ్బలతో ఆ గుట్ట ఎక్కిరావాలంటే అక్కడి దేవుడు లింగమయ్య కూడా ఏం చేయలేడు. నీళ్ల సీసాలు అడవిలో పారేయకండి.

ప్రశ్న: హాలియా నుంచి రైతును. గమ్ బూట్లకు ముల్లు దిగి చిల్లు పడింది, నీళ్లు వస్తున్నాయి. సైకిల్ పంక్చరు ప్యాచీ వేశా, రెండు రోజుల్లో ఊడిపోయింది. వేరే మార్గం ఉందా?

జవాబు: మీవి పీవీసీ అనే ప్లాస్టిక్ బూట్లయి ఉంటాయి. పంక్చరు సొల్యూషన్ రబ్బరుకే పడుతుంది, పీవీసీకి పట్టదు. ఏవి ఏవో ఎలా తెలుసుకోవాలంటే, పీవీసీ నిగనిగలాడుతూ ఉంటుంది, ముందూ వెనకా అచ్చు గీత కనబడుతుంది, సోలు దగ్గర ఐఎస్ 12254 అని ఉండొచ్చు. రబ్బరుది మెరుపు లేకుండా, బరువుగా, వంచితే మెత్తగా ఉంటుంది. రబ్బరు బూట్లయితే డీజిలు, ఇంజిన్ ఆయిలు తగలనివ్వకండి, ఉబ్బిపోతాయి. మోటారు షెడ్డు రేకుల మీద ఎండకు వదిలేస్తే పగుళ్లు వస్తాయి.

చిల్లు ఎక్కడుందో ముందు సరిగ్గా పట్టుకోండి. బూటు లోపల పొడి పేపరు పరిచి, చీలమండ దాకా మునిగేలా బకెట్ నీళ్లలో అరగంట నిలబెట్టండి, పేపరు మీద తడి మచ్చ ఎక్కడ పడితే చిల్లు అక్కడ. కొత్త బూట్లు కొన్న రోజే ఈ పరీక్ష చేస్తే మార్చుకోవడానికి కూడా వీలుంటుంది. చిల్లు చుట్టూ ఉప్పుకాగితంతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే పీయూ గమ్ము రెండు వైపులా రాసి, పాత పీవీసీ బూటు ముక్కే కత్తిరించి అతికించండి. ఒక రోజు బరువు పెట్టి వదిలేసి మళ్లీ బకెట్‌లో పెట్టి చూడండి. చిల్లు సోలు కింద ఉంటే మాత్రం ఈ తంటాలేవీ నిలవవు, ఆ జతను పశువుల కొట్టం కడగడానికి ఉంచుకుని కొత్తది కొనండి.